దివాణం పిల్ల

మా అత్తగారు జమీందారీ కుటుంబంలో పుట్టిన మనిషి కాదు. ఇక్కడ, ఈ చలిదేశంలో, నోవై అనే ఊళ్లో మాకు తెలిసిన పాతిక ముప్ఫై తెలుగు కుటుంబాలు నాలుగేళ్లపాటు నమ్మిన ఆ సంగతి అబద్ధం. ఆ అబద్ధం ఆవిడ ఆడలేదు, మా ఆవిడ ఆడలేదు. నేనాడాను. మొదటిసారి నోటితో, రెండోసారి అచ్చులో. నోటితో ఆడినదాన్ని ఆ మధ్య అందరి ముందూ వెనక్కి తీసుకున్నాను. అచ్చులో ఉన్నది మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని అచ్చులోనే సరిదిద్దాలని ఇది రాస్తున్నాను.

నిజం ఏమిటంటే, ఆవిడ ఒక దివాణంలో పనిచేశారు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, జమీందారుగారి భార్యకి దగ్గరుండి అన్నీ చూసే పని. తలంటి పోయడం, తల ఆరబెట్టడం, జడ వేయడం, చీర కుచ్చిళ్లు సర్దడం, నగలు పెట్టడం, తీయడం, కాళ్లకు పారాణి దిద్దడం. గోదావరి జిల్లాలో అదొక చిన్న దివాణం. చట్టం వచ్చి జమీందారీలు పోయిన తరువాతి రోజులు. పొలాలు పోయాయి, కచేరీ పోయింది. కానీ మేడ ఉంది, మేడలో ఘోషా ఉంది, ఘోషాలో ఉన్న అమ్మగారికి మోకాళ్లు దాటిన జుట్టు ఉంది. ఆ జుట్టు చూసుకోవడానికి మా అత్తగారు పన్నెండో ఏట చేరారు. పెళ్లయి వెళ్లేదాకా తొమ్మిదేళ్లు అదే పని చేశారు.

ఈ సంగతి పెళ్లిచూపులనాడే ఆవిడ నాకు చెప్పారు. కాఫీ ఇస్తూ, ఊరి పేరు చెప్పినంత మామూలుగా చెప్పారు. దాచింది నేను.

అబద్ధం పుట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. మా మామగారు పోయాక ఆవిడ మా దగ్గరికి వచ్చిన మొదటి శీతాకాలం అది. మా వీధి చివర ఉండే ఒకావిడ ఇంట్లో, తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్. ఆవిడ మా తెలుగు సంఘంలో లేడీస్ కమిటీ చూసుకుంటారు. వరంగల్ వైపు మనిషి. ఎవరింట్లో గృహప్రవేశమైనా, ఎవరింట్లో నీళ్ల పైపు గడ్డకట్టి పగిలినా ముందు ఆవిడకే ఫోన్ వెళుతుంది. ఇక్కడ ఆవిడని కమిటీ ఆవిడ అనే అంటాను. మా ఆవిడకి ఆ రోజు హాస్పిటల్‌లో డ్యూటీ. మా అబ్బాయికి బాస్కెట్‌బాల్. అందుకని నేనూ, అత్తగారూ, ఒక గిన్నెడు పులిహోరా వెళ్లాం.

బయట మోకాలి లోతు మంచు. లోపలికి అడుగుపెట్టగానే అత్తగారు కోటు విప్పి, కొంగు దోపుకుని తిన్నగా వంటగదివైపు నడిచారు. కమిటీ ఆవిడ నవ్వుతూ చెయ్యిపట్టి ఆపింది.

"మీరు కూర్చోండమ్మా. ముందు చెప్పండి, మీదేవూరు?"

అత్తగారు ఊరి పేరు చెప్పి, "నేను దివాణం పిల్లనండీ" అన్నారు.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. ఆ ఊళ్లో దివాణం పిల్లలంటే మేడలో లోపలిపని చేసే ఆడవాళ్లు. తోటమాలి, బండివాడు, వంటవాడు బయటివాళ్లు. ఘోషా దాటి లోపలికి వెళ్లగలిగింది ఈ పిల్లలే. మనవలు పుట్టినా, పళ్లూడినా వాళ్లు దివాణం పిల్లలే. అసలు జమీందారుగారి కూతుళ్లని పిల్ల అనే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికీ లేదు. వాళ్లు చిన్నమ్మగార్లు. ఆ తేడా ఆ ఊరివాళ్లకి తెలుస్తుంది. వరంగల్ మనిషికి ఎలా తెలుస్తుంది?

"దివాణమంటే మా దిక్కు గడి అంటరు, అదేనా అన్నా?" అని ఆవిడ నావైపు తిరిగింది.

"అదేనండీ" అన్నాను. అంతవరకు నిజమే.

"అంటే అమ్మ గడిల పుట్టిన బిడ్డనా?"

చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపి చూశారు. అంతకు కాసేపటి ముందే ఒకాయన తన తాతగారు కట్టించిన కాలేజీ గురించి చెప్పాడు. ఇంకొకాయన మామగారి రైసుమిల్లుల గురించి చెప్పాడు. చెప్పుకోవడానికి నాకేమీ లేక శెనగలు నములుతూ నిలబడ్డాను. "కాదండీ, అక్కడ పనిచేసేవారు" అంటే సరిపోయేది. చిన్న మాట. నేను నవ్వాను. నవ్వి, "పెద్ద దివాణమేనండీ" అన్నాను.

కార్ల బ్రేకులకి సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. ఆగాల్సిన చోట బండి ఆగేట్టు చూడడమే ఇరవై ఏళ్లుగా నా పని. నా నోటికి మాత్రం ఆ సదుపాయం అమర్చుకోలేకపోయాను.

ఆ రోజు నుంచి మా అత్తగారికి సోఫా శిక్ష మొదలైంది. ఏ ఇంటికి వెళ్లినా హాలు మధ్యలో ఉన్న పెద్ద సోఫాలో కూర్చోబెట్టేవారు. వెనక దిండు పెట్టేవారు. ప్లేట్ తెచ్చి చేతికిచ్చేవారు, తిన్నాక చేతిలోంచి తీసుకునేవారు. ఆవిడ లేవబోతే నలుగురు లేచేవారు.

"నేను వడ్డిస్తాను తల్లీ, చేతులు ఊరికే ఉన్నాయి."

"అయ్యో, మీతోని వడ్డించుకుంటమా అమ్మా? మీరు చెప్పాలె, మేం చేయాలె."

"చిత్తం" అనేవారు అత్తగారు.

ఆ చిత్తం వినగానే అందరూ ఒకళ్లనొకళ్లు చూసుకునేవారు. ఎంత రాచమర్యాద, ఎంత పెంపకం అని మెచ్చుకునేవారు. దివాణంలో చిత్తం అనేది పనివాళ్ల మాట. జమీందారుగారి ఇంట్లోవాళ్లు ఒకరితో చిత్తం అనరు, అనిపించుకుంటారు. కోస్తా దివాణాల సంగతి తెలిసినవాడు ఒక్కడు ఆ హాల్లో ఉన్నా ఆ ఒక్క మాటతో నా బండారం బయటపడేది. నా అదృష్టమో దురదృష్టమో, ఎవరూ లేరు.

పాపం ఆవిడకి ఇవేవీ తెలియవు. మొదటిరోజు ఇంటికి వస్తూ కారులో, "ఈ దేశంలో ముసలివాళ్లంటే ఎంత గౌరవం బాబూ. ఒక్క గిన్నె ముట్టుకోనివ్వలేదు" అని ఆశ్చర్యపోయారు. నేను హీటర్ పెంచి రోడ్డు చూశాను.

గౌరవం ఎక్కువైనకొద్దీ ఆవిడ చేతులు తోచక అల్లాడిపోయాయి. మా ఇంట్లో జడ వేయడానికి తలే లేదు. మా ఆవిడ జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. మా అబ్బాయిది క్రాఫ్. నా సంగతి చెప్పనక్కర్లేదు, అద్దంలో చూసుకోవడం మానేసి చాలాకాలమైంది. ఒకరోజు ఆఫీస్‌కి వెళ్లి ల్యాప్‌టాప్ చార్జర్ తీయబోతే, దాని తీగ, ఫోన్ తీగ, హెడ్‌ఫోన్ తీగ కలిపి మూడుపాయల జడ అల్లి ఉంది. చివర రబ్బరుబ్యాండ్ కూడా వేసి ఉంది. అల్లిక ఎంత నున్నగా ఉందంటే విప్పడానికి మనసొప్పలేదు. మీటింగ్‌లో మా టీంవాళ్లు అది చూసి, ఎక్కడ కొన్నావని అడిగారు. సోఫా మీద కప్పే దుప్పటి అంచు కుచ్చులు, కిటికీ తెరల తాళ్లు, మా అబ్బాయి బూట్ల లేసులు, అన్నిటిదీ అదే గతి. మేం నవ్వుకునేవాళ్లం. ఆవిడ చేతులు పని అడుగుతున్నాయని నాకు తెలుసు. బయట పదిమంది ఆడపిల్లల తలలు ఉన్నాయని తెలుసు. ఆ పిల్లలకీ ఈ చేతులకీ మధ్య అడ్డంగా ఉన్నది నా మాట ఒక్కటే అని కూడా తెలుసు.

అది చాలదన్నట్టు మా సంఘం వార్షిక సంచికకి వ్యాసం రాశాను. కమిటీ ఆవిడే అడిగింది. "అమ్మ గురించి రాయి అన్నా, పిల్లలకు మన కల్చర్ తెలుస్తది." నేను రాశాను. వెండి ఉయ్యాల ఊగుతూ పెరిగిన బాల్యం, చుట్టూ నలుగురు దాసీలు, గుమ్మంలో ఏనుగు. రాస్తుంటే బాగుంది. ఏనుగు దగ్గర కాస్త సందేహించాను. అయినా ఉంచాను.

ఆవిడ చదువుతారని నాకు తోచలేదు. చదవడం వచ్చునని తెలుసు. అమ్మగారికి మధ్యాహ్నాలు నవలలు చదివి వినిపించడానికి దివాణంలోనే నేర్పించారు. అయినా ఎందుకో తోచలేదు. ఒక సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ దగ్గర భూతద్దం పట్టుకుని సంచిక ముందు కూర్చుని ఉన్నారు.

"బాబూ, ఇందులో ఉన్నావిడ ఎవరండీ?"

నేను బూట్లు విప్పుతూ చాలాసేపు వంగే ఉన్నాను.

"మీరే అత్తయ్యా."

"ఏనుగు లేదు బాబూ. ఒక గుర్రం ఉండేది. దానికి కుంటి." భూతద్దం ఇంకో పేరా మీదికి జరిపారు. "వెండి ఉయ్యాల ఉంది. అందులో కూర్చున్నది నేను కాదు. ఊపేదాన్ని."

"ఏదో... ఒకసారి అలా అనుకున్నారు. నేను కాదనలేదు."

"అందుకా నన్ను వంటగదిలోకి రానివ్వంది?"

నేను తల ఊపాను. ఆవిడ సంచిక మూసి, దాని అంచులు టేబుల్ అంచుకి సమంగా సర్దారు. కోప్పడలేదు. కోప్పడితే నాకు బాగుండేది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ని.

"సరే బాబూ. ఒకసారి అన్నారు కాబట్టి ఆ మాట పోకూడదు. దివాణంలో మాకు మొట్టమొదట నేర్పింది జడ కాదు, నోరు మూసుకోవడం. లోపల చూసింది లోపలే ఉండాలి. ఇదీ అలాగే అనుకుంటాను."

ఆ మాట నిలబెట్టుకున్నారు. అంతకుముందు తెలియక సోఫాలో కూర్చునేవారు. ఇప్పుడు తెలిసి, నా కోసం కూర్చోవడం మొదలుపెట్టారు. ఒడిలో చెయ్యి మీద చెయ్యి వేసుకుని, నడుం నిటారుగా. ఒక పెళ్లిలో ఆవిడ ఎదురుగానే పెళ్లికూతురి చెల్లెలి కుచ్చిళ్లు జారిపోతుంటే, ఆ పిల్ల తల్లీ పిన్నీ సేఫ్టీపిన్నులతో కుస్తీ పడుతుంటే, కళ్లు మూసుకుని కూర్చున్నారు. అందరూ ధ్యానం అనుకున్నారు.

ఆ వ్యాసం వల్ల మా ఆవిడకి అంతా తెలిసినరోజు నన్ను బాగా దులిపేసింది. తరువాత చల్లగా, "నేను చెప్పను. అమ్మ చెప్పదు. అంబారీ ఎక్కించింది మీరు, మీరే దింపండి" అంది. నేను వచ్చేవారం, వచ్చేవారం అంటూ రెండేళ్లు గడిపాను.

పోయిన ఏప్రిల్‌లో కమిటీ ఆవిడ కూతురికి హాఫ్ శారీ ఫంక్షన్. వాళ్లింట్లోనే, బేస్‌మెంట్ అంతా అలంకరించి చేశారు. మొదటి అక్షింతలు మా అత్తగారి చేతుల మీదుగా పడాలని ముందే చెప్పారు. గడిలో పుట్టిన పెద్దావిడ దీవెన కావాలనుకున్నారు. మామగారు లేరని గుర్తుచేస్తే, "మాకు గవన్నీ పట్టింపు లేదు అన్నా, అమ్మ చెయ్యే కావాలె" అంది కమిటీ ఆవిడ. ఆ మాటకి నేను చాలా సంతోషించాను. ఆవిడ మీద నా గౌరవం పెరిగింది, నా మీద నాకు తగ్గింది.

మేం వెళ్లేసరికి అతిథులు కింద నిండిపోయారు. పంతులుగారు గడియారం చూసుకుంటున్నారు. పిల్ల మాత్రం దిగలేదు. కాసేపటికి కమిటీ ఆవిడ మెట్లు దిగి నా దగ్గరికి వచ్చింది. ముఖం చెమటపట్టి ఉంది.

"అన్నా, అది ఏడుస్తుంది. రానంటుంది. అమ్మను ఒక్కసారి పైకి తీస్కరా. పెద్దమనిషి చెప్తే వింటదేమో."

చెయ్యి పట్టుకుని అత్తగారిని రెండంతస్తులు ఎక్కించాను. గదిలో పదమూడేళ్ల పిల్ల అద్దం ముందు స్టూల్ మీద కూర్చుని ఉంది. పట్టులంగా, కళ్లకింద కాటుక చారలు. వీపు మీద రెడీమేడ్ పూలజడ. గట్టి గుడ్డపట్టీ మీద ప్లాస్టిక్ మల్లెలు కుట్టింది. దాన్ని తలకి బిగించడానికి పెట్టిన పిన్నులు వరసగా మెరుస్తున్నాయి. అలంకరణ చేసిన బ్యూటీషియన్ ఇంకో ఫంక్షన్ ఉందని అప్పటికే వెళ్లిపోయింది.

"మమ్మీ, ఇది పుల్ చేస్తుంది. నా హెడ్ చాలా హర్ట్ అవుతుంది. నేను కిందికి రాను."

"ఒక్క గంట ఓర్చుకో బిడ్డా. ఫొటోలు అయినంక తీసేద్దాం. అమ్మమ్మ వచ్చింది చూడు, క్వీన్ ఫ్యామిలీ. అమ్మమ్మ చిన్నప్పుడు రోజు గిట్లనే ఏసుకునేది."

మా అత్తగారు ఆ పిల్ల వెనక నిలబడ్డారు. పిన్నుల కింద చర్మం ఎర్రబడి ఉంది. ఆవిడ రెండు చేతులూ పైకి లేచాయి, సగం దాకా వెళ్లాయి, మళ్లీ దిగాయి. కొంగు చివర పట్టుకుని ఆగిపోయాయి. అప్పుడు నావైపు తిరిగి, చాలా మెల్లిగా అడిగారు.

"సెలవా బాబూ?"

ఎనభై దాటిన మనిషి. ఒక పిల్ల తలలో పిన్ను తీయడానికి నా అనుమతి అడుగుతున్నారు. రెండేళ్లుగా నేను వచ్చేవారం అనుకుంటున్నది ఇదే అని నాకు అర్థమైంది.

"అమ్మా, మీకొకటి చెప్పాలండీ" అన్నాను కమిటీ ఆవిడతో. "మా అత్తగారు దివాణంలో పుట్టలేదు. అక్కడ అమ్మగారికి జడలు వేసేవారు. తొమ్మిదేళ్లు అదే పని. దివాణం పిల్ల అంటే అర్థం అదే. మీరు పొరపాటు పడ్డారు, నేను తెలిసి దిద్దలేదు. ఆవిడ తప్పేమీ లేదు."

ఆవిడ నన్ను చూసింది, అత్తగారిని చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"ఏనుగు?"

"ఏనుగు లేదండీ."

"వెండి ఉయ్యాల?"

"ఉంది. ఊపింది ఈవిడ."

"ఎంత పని చేసినవ్ అన్నా" అంది. మంచం అంచున కూలబడింది. తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అంది. "మా నాయనమ్మ గడిల నీళ్లు మోసింది. దొరసాని ముందట ఎప్పుడూ కూసోలేదంట. మా ఇంట్ల సోఫా మీద దొరబిడ్డను కూసోపెట్టిన, నా చేతితోని అన్నం పెట్టిన, మస్తు మంచిగ మాట్లాడింది అని మా అమ్మకు ఫోన్ చేసి చెప్పిన. నాలుగేండ్లు ఊరంతా చెప్పుకున్నది మా అమ్మ. ఇప్పుడామెకేం చెప్పాలె?"

జవాబు అత్తగారు చెప్పారు.

"మనమరాలికి జడ వేశానని చెప్పమ్మా. ముందు ఆ పిన్నులు తియ్యనియ్యి."

కమిటీ ఆవిడ నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కొద్దికొద్దిగా చేసింది. తరువాత కళ్లు తుడుచుకుని లేచి, "ఏమేం కావాలె అమ్మా?" అని అడిగింది.

అప్పుడు చూశాను మా అత్తగారిని. నాలుగేళ్లలో చూడని మనిషి. గాజులు మోచేతి వైపు పైకి తోసి బిగించారు. పనిలో గాజులు గలగలలాడితే అమ్మగారికి చిరాకట, అప్పటి అలవాటు. సూది అడిగారు. దారం లేదంటే, బాత్‌రూంలోంచి పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ తెప్పించి లాగి చూసి, "మా అరటినార కన్నా గట్టిగా ఉంది" అని మెచ్చుకున్నారు. అతిథుల కోసం కూలర్‌లో పెట్టిన మల్లెదండలు వచ్చాయి. హాలులో వాజ్‌లో ఉన్న గులాబీలు వచ్చాయి. భోజనాలకి తెచ్చిన అరిటాకుల్లో ఒకటి వచ్చింది. దాన్ని పొడుగ్గా చీల్చి పట్టీ చేశారు. నన్ను సూదిలోకి ఫ్లాస్ ఎక్కించే పనికి పెట్టారు.

"బాబూ, అద్దంలో మీరు పడుతున్నారు. పక్కకి జరగండి. అద్దం చూసుకునేవాళ్లకి వాళ్లు తప్ప ఇంకెవరూ కనపడకూడదు."

జరిగాను.

పిన్నులన్నీ తీసి, తల మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచారు. చిక్కులు కిందనుంచి తీస్తూ పైకి వచ్చారు. "నొప్పెడితే చెప్పు తల్లీ. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?"

పిల్ల ముక్కు ఎగబీలుస్తూ అడిగింది. "క్వీన్‌కి నొప్పెడితే చెప్పేదా?"

"చెప్పేవారు కాదమ్మా. దువ్వెన తీసుకుని మణికట్టు మీద కొట్టేవారు. దంతపు దువ్వెన, బరువుగా ఉండేది." ఎప్పుడూ చెప్పే తమాషా లాగే, నవ్వుతూ చెప్పారు. మాతో చెప్పినప్పుడు మేమూ నవ్వేవాళ్లం.

ఆ పిల్ల నవ్వలేదు. అద్దంలోంచి ఆవిడ కళ్లలోకి చూస్తూ, "దట్స్ నాట్ ఓకే అమ్మమ్మా" అంది.

అత్తగారి వేళ్లు ఒక్క క్షణం ఆగాయి.

"కాదు కదా" అన్నారు. మళ్లీ పని మొదలుపెట్టారు.

ముప్పావుగంట పట్టింది. మధ్యలో పంతులుగారు రెండుసార్లు కబురు పంపారు. రెండుసార్లూ మా అత్తగారు, "చిత్తం, వస్తున్నాం అనండి" అని కదలకుండా పని చేసుకున్నారు. ఆ చిత్తం ఎంత ఉపయోగకరమైన మాటో అప్పుడు తెలిసింది. ముగించాక రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు. పిల్ల తల అటూ ఇటూ తిప్పింది, ఊపింది, గెంతింది. ఒక్క మొగ్గ రాలలేదు.

"ఇట్స్ సో లైట్" అంది పిల్ల. లేచి ఆవిడని కావలించుకుంది. పట్టులంగా ఎత్తిపట్టుకుని మెట్లు దడదడా దిగిపోయింది.

"ఇగ నువ్వు దిగు అన్నా" అంది కమిటీ ఆవిడ నాతో. "మైకుల నువ్వే చెప్పాలె. నేను చెప్తే నేనే ఏదో చేసిన అనుకుంటరు."

కింద మైకు తీసుకుని చెప్పాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు, కానీ అంత పొడుగాటి రెండు నిమిషాలు నాకు ఎప్పుడూ గడవలేదు. తాతగారి కాలేజీ గురించి చెప్పే పెద్దమనిషి ముందు వరసలోనే ఉన్నాడు. నేను ముగించాక ఆయన లేచి చాలా గంభీరంగా, "అయితే ఆ ఏనుగు ఎవరిది?" అని అడిగాడు. అందరూ నవ్వారు, నేను కూడా. ఇప్పటికీ నన్ను చూస్తే కొందరు ఏనుగు కులాసాగా ఉందా అని అడుగుతారు. అడగాల్సిందే.

మొదటి అక్షింతలు ఆవిడే వేశారు. ఎవరూ వద్దనలేదు. వేశాక సోఫావైపు చూడకుండా వంటగదిలోకి వెళ్లి, ఒక గిన్నె తీసుకుని వడ్డించడం మొదలుపెట్టారు. ఈసారి ఎవరూ చెయ్యిపట్టి ఆపలేదు. కమిటీ ఆవిడ పక్కనే ఇంకో గిన్నె పట్టుకుని నడిచింది. ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. బహుశా నన్ను గురించే.

ఇంటికి వస్తూ కారులో, మా ఆవిడ ముందు సీటులో ఉండగానే చెప్పాను. "నన్ను క్షమించండి అత్తయ్యా. మీ పని చెప్పుకోవడానికి నేను సిగ్గుపడ్డాను."

అత్తగారు వెనక సీటులో ఉన్నారు. అద్దంలో చూస్తే తన కుడిచేతి వేళ్లు ముడిచి తెరిచి చూసుకుంటున్నారు.

"కుడివైపు పాయ వదులుగా పడింది, చూశారా బాబూ?"

"లేదండీ. చాలా బాగుంది. అందరూ అదే అన్నారు."

"వదులుగా పడింది. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది. నాలుగేళ్లు ఊరికే కూర్చున్నాను కదా, చెయ్యి పోయింది."

నిష్ఠూరంగా అనలేదు. బండి టైరులో గాలి తగ్గిందని చెప్పినట్టు చెప్పారు. మా ఆవిడ నన్ను అక్కడితో వదల్లేదు. "ఇంతకీ అచ్చులో వేసింది ఎప్పుడు దిద్దుతారు?" అంది.

"దిద్దేటప్పుడు పనిమనిషి అని తోసెయ్యకండి బాబూ" అన్నారు అత్తగారు. "తలపని చేసేది అని రాయండి. అక్కడ ఒక్కో పనికి ఒక్కో పేరు. అంట్లు తోమే ఆవిడ వేరు, నేను వేరు. ఇంకోటి. నలుగురు దాసీలని రాశారు. ఇద్దరం. రెండో పిల్ల నాకన్నా నాలుగేళ్లు పెద్దది. తోడుగా పడుకునేవాళ్లం, అమ్మగారి గుమ్మం బయట. పూలు కుట్టడం నాకు నేర్పింది ఆవిడే. నాకన్నా బాగా కుట్టేది. నాకు పెళ్లయింది, వచ్చేశాను. ఆవిడకి చెయ్యలేదు, అక్కడే ఉండిపోయింది. ఆవిణ్ని కూడా రాయండి."

రాస్తున్నాను. ఆ దివాణంలో తలపని చేసిన పిల్లలు ఇద్దరు. ఒకరు మా అత్తగారు. రెండోవారు అంతకన్నా బాగా పూలు కుట్టేవారు, అక్కడే ముసలివారై పోయారు. వారికి ఆ పని చేతనైనట్టు ఇంకెక్కడా రాసి ఉండదు.

ఆ తరువాతి శనివారం పొద్దున్నే బెల్ మోగింది. తలుపు తీస్తే ముగ్గురు ఆడపిల్లలు, ఒక దువ్వెన, వాళ్ల వెనక కారు స్టార్ట్ చేసుకుని వెళ్లిపోతున్న తల్లులు. అత్తగారు వాళ్లని మెట్ల మీద ఒకరి కింద ఒకరుగా కూర్చోబెట్టారు. ఇప్పుడు ప్రతి శనివారం అదే వరస. ఒక్కోసారి ఐదుగురు. మా అబ్బాయి కూడా ఎందుకైనా మంచిదని జుట్టు పెంచుతున్నాడు. మా ఇంట్లో తీగలన్నీ మళ్లీ తీగల్లాగే ఉంటున్నాయి.

మెట్లపైన నిలబడి ఆవిడ వాళ్లతో మాట్లాడుతూనే ఉంటారు. వాళ్లకి సగం అర్థమవుతుంది, మిగతా సగం ఇంగ్లిష్‌లో అడుగుతారు. వాటిలో సగం ఆవిడకి అర్థమవుతుంది. మొన్నొక శనివారం నేను కాఫీ పట్టుకుని పక్కనుంచి వెళుతుంటే ఆపారు. ఒక పిల్ల జడ నా చేతిలో పెట్టి, కుడిపాయ దగ్గర వేలితో నొక్కి చూడమన్నారు. నొక్కాను. బిగువుగా ఉంది.

"చెయ్యి వచ్చింది" అన్నారు. జడ నా చేతిలోంచి తీసుకుని, తరువాతి పిల్లని పైమెట్టుకి రమ్మన్నారు.